ఇంటి ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 120 ఫిల్మ్ స్కాన్ చేయడం ఎలా

"ఎంత డీపీఐ పెట్టాలన్నా?"

ఆదివారం పొద్దున్నే మా వైజాగ్ ఆర్కే బీచ్‌కి ఫిల్మ్ కెమెరాలు మెళ్ళో వేసుకుని వచ్చే కుర్రాళ్ళు నన్ను అడిగే మొదటి మాట ఇదే. పాత నెగటివ్‌ల కవరు పట్టుకుని మా ఇంటికి వచ్చే పెద్దవాళ్ళది వేరే ప్రశ్న: "బాబూ, ఇవి కంప్యూటర్‌లోకి ఎక్కుతాయా?" అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాస్తే మేలనిపించింది.

పెద్దవాళ్ళకి జవాబు: ఎక్కుతాయి. కుర్రాళ్ళకి జవాబు: 2400 పెట్టండి (డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలుగా స్కాన్ చేయాలన్న లెక్క). అయితే ఆ అంకెతో మీ ఫొటో బాగుపడదు. ఫిల్మ్ చదునుగా ఉందా, గాజుకి సరైన ఎత్తులో ఉందా అన్నదే అసలు సంగతి. నా స్కాన్‌లు మసకగా వస్తుంటే నేను కూడా రెండేళ్ళపాటు డీపీఐ పెంచుకుంటూనే పోయాను. ఆఖరికి హోల్డర్ కింద శుభలేఖ ముక్కలు పెట్టి చూసిన రోజున కుదిరింది. అందుకే కింద ఎత్తు గురించి ఎక్కువ రాశాను, సాఫ్ట్‌వేర్ గురించి తక్కువ రాశాను.

మీ దగ్గర ఉన్నది 120 ఫిల్మేనా?

స్కేలు పెట్టి చూడండి. స్ట్రిప్పు వెడల్పు 6 సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ ఉండి, పక్కన రంధ్రాలు లేకపోతే అది 120. యాషికా మ్యాట్ లాంటి కెమెరాల్లో చతురస్రంగా 12 ఫ్రేములు వస్తాయి. ఒకప్పుడు చాలా ఇళ్ళలో ఉన్న ఆగ్ఫా క్లిక్ త్రీ కూడా ఇదే ఫిల్మ్ తినేది. 6×7 కెమెరా అయితే 10 ఫ్రేములు, 6×9 అయితే 8. పక్కన రంధ్రాలుండి వెడల్పు మూడున్నర సెంటీమీటర్లుంటే అది 35 ఎంఎం. దానికి హోల్డర్ వేరు, మిగతా పద్ధతి దాదాపు ఇదే.

కావలసినవి

మూతలో లైటు ఉన్న స్కానర్. ఇది తప్పనిసరి. ప్రింటర్‌తో కలిసి వచ్చే స్కానర్ మీద నెగటివ్ పెడితే నల్లటి ముద్ద వస్తుంది, ఎందుకంటే ఫిల్మ్‌కి వెలుగు పైనుంచి పడాలి. ఎప్సన్ వీ550, వీ600, వీ700, వీ750, వీ800, వీ850, కెనాన్ 9000ఎఫ్ మార్క్ 2 ఈ పనికి సరిపోతాయి. వీ370 లాంటి చిన్న మోడల్‌లో మూతలో లైటు ఉన్నా అది 35 ఎంఎం వెడల్పుకే. మోడల్ నంబరు చూడకుండా "ఫిల్మ్ స్కాన్ చేస్తుంది" అన్న మాట నమ్మి కొనకండి.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే రెండు చూసుకోండి. 120 హోల్డర్ ఉందా? అది విడిగా దొరకడం కష్టం. రెండోది గాజు లోపలి వైపు. గది చీకటి చేసి ఫోన్ టార్చ్‌ని గాజుకి పక్కవాటుగా పెట్టి చూడండి. మన ఊళ్ళో సముద్రపు గాలికి గాజు లోపల పొగమంచులాంటి పొర పడుతుంది. పలచగా ఉంటే ఫర్వాలేదు. టార్చ్ వెలుగులో తెల్లగా కమ్మేస్తే స్కాన్‌లన్నీ వెలిసిపోయినట్టు వస్తాయి, వదిలేయండి.

మిగతావి చిన్నవి: రబ్బరు బ్లోయర్, మైక్రోఫైబర్ గుడ్డ రెండు, కాటన్ గ్లవ్స్, కత్తెర, పాత శుభలేఖ ఒకటి (అట్ట గట్టిగా, మందం అంతటా ఒకేలా ఉండేది), నెగటివ్‌లు దాచుకోవడానికి పాలీప్రొపిలీన్ స్లీవ్‌లు, సిలికా జెల్.

1. గది సంగతి ముందు చూడండి

ఫ్యాన్ ఆపండి. స్కాన్ మొదలుపెట్టే ముందు కనీసం 20 నిమిషాలు ఆగండి. వైజాగ్‌లో మే నెలలో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. అందుకే నేను తెల్లారి అయిదింటికి కూర్చుంటాను. నేల తడిగుడ్డతో తుడిచి, కిటికీలు మూసి, ఆ తర్వాత స్కానర్ మూత తెరుస్తాను. వన్ టౌన్, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్ళకి కిటికీ అంచుల మీద నల్లటి దుమ్ము ఎలా పేరుకుంటుందో చెప్పనక్కర్లేదు. ఆ దుమ్ము రేణువు ఒక్కటి నెగటివ్ మీద కూర్చుంటే ఆకాశంలో తెల్లటి చుక్కై కనబడుతుంది. మన ఫొటోల్లో సగం ఆకాశమూ సముద్రమే కదా, దాగడానికి చోటుండదు.

2. ఫిల్మ్‌ని వాసన చూడండి, టార్చ్ పెట్టి చూడండి

కొత్తగా కడిగించిన ఫిల్మ్ అయితే ఈ మెట్టు దాటేయండి. పాత నెగటివ్‌లైతే దాటకండి.

వెనిగర్ వాసన కొడుతుంటే లోపలి ప్లాస్టిక్ చెడిపోవడం మొదలైనట్టు. వేడి, చెమ్మ ఎక్కువైన చోట ఇది తొందరగా వస్తుంది, ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. ఆ స్ట్రిప్పుల్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేసి, వాటినే ముందు స్కాన్ చేయండి. వాటికి టైమ్ తక్కువ.

సాలెగూడులాగా, చెట్టు వేళ్ళలాగా సన్నని గీతలు కనబడితే అది బూజు. ఇక్కడ ఒక్క హెచ్చరిక గట్టిగా చేస్తున్నాను: బూజు పట్టిన నెగటివ్‌ని నీళ్ళలో పెట్టకండి. బూజు తిన్న జెలటిన్ (బొమ్మని పట్టి ఉంచే పొర) నీళ్ళలో కరిగిపోతుంది.

ఇది నేను నష్టపోయి తెలుసుకున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి, ట్రంకు పెట్టెలోకి వాన నీళ్ళు వెళ్ళాయి. అందులో మా పెద్దమ్మ పెళ్ళి నెగటివ్‌లున్నాయి. ఆరబెట్టాం, మళ్ళీ పెట్టెలో పెట్టేశాం. తర్వాత తీసి చూస్తే బూజు. మామూలు మురికిలాగే పోతుందనుకుని ఒక స్ట్రిప్పుని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో వేశాను. రెండు నిమిషాలకి పెద్దమ్మ ముఖం ఉన్నచోట పొర వదులై, నల్లటి తీగలా నీళ్ళలోకి జారింది. చేతిలో మిగిలింది తెల్లటి ప్లాస్టిక్. పక్క రెండు ఫ్రేముల్లో ఆవిడ ముఖం ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ వయసులో ఆవిడ ఎలా ఉండేదో చూడటానికి మాకు ఇంకేమీ లేదు.

కాబట్టి బూజు ఉంటే, ఉన్నది ఉన్నట్టు పొడిగా స్కాన్ చేయండి. ఫైలు భద్రమయ్యాక, కావాలంటే పెక్-12 లాంటి ఫిల్మ్ క్లీనర్‌ని దూదికి అద్ది, మెరిసే వైపు మాత్రమే, ఒత్తకుండా తుడవండి. పని అయ్యాక స్కానర్ గాజు కూడా తుడవండి.

3. ఫిల్మ్‌ని చదును చేయండి

కడిగించిన రోల్ ఇంటికి చుట్టగా వస్తే, ముందు ముక్కలు చేయాలి. 6×6 అయితే 3 ఫ్రేములకి ఒక ముక్క. వీ600 హోల్డర్‌లో అది హాయిగా పడుతుంది. ఫ్రేముల మధ్య ఖాళీలోనే కత్తెర పడాలి. కింద తెల్ల కాగితం పరచి దీపం వెలుగులో కోయండి, లేకపోతే చీకట్లో తీసిన ఫ్రేము అంచు ఎక్కడుందో తెలియదు.

ముక్కల్ని స్లీవ్‌లో పెట్టి, రెండు లావుపాటి పుస్తకాల మధ్య మూడు నాలుగు రోజులు వదిలేయండి. తొందరపడి ఫిల్మ్‌ని ఎదురు వైపుకి చుట్టి రబ్బరు బ్యాండ్ వేసేవాళ్ళున్నారు. గీతలు పడతాయి, వద్దు. ఏసీ గదిలో పెడితే గాలి పొడిగా ఉండి ఫిల్మ్ ఇంకా వంకరపోతుంది. మామూలు గదే మంచిది. ఈ ఒక్క విషయంలో మన చెమ్మ మనకి సాయం చేస్తుంది.

దశాబ్దాలుగా బిగుతుగా చుట్టి ఉన్న పాత రోల్‌ని మాత్రం బలవంతంగా విప్పకండి. పొర పగులుతుంది. నెమ్మదిగా, రోజుకి కొంచెం వదులు చేసుకుంటూ రావాలి.

4. స్కానర్‌ని సిద్ధం చేయండి

మూత లోపల తెల్లటి పలక ఒకటి ఉంటుంది, కాగితాలు స్కాన్ చేసేటప్పటిది. దాన్ని జార్చి తీసేయండి. మొదటిసారి చేసేవాళ్ళలో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. అది ఉంటే పైలైటు కిందకి రాదు, స్కాన్ మొత్తం నల్లగా వస్తుంది.

గాజు మీద బ్లోయర్ కొట్టి, మైక్రోఫైబర్‌తో తుడవండి. మరకలుంటే గుడ్డని కొంచెం తడి చేయండి. గాజు మీద నేరుగా ఏదీ స్ప్రే చేయకండి, అంచుల్లోంచి లోపలికి దిగితే తీయడం మన వల్ల కాదు. నోటితో ఊదడం కూడా వద్దు, తుంపర పడుతుంది. ఇల్లు మారాక మొదటిసారి వాడుతుంటే, మీ మోడల్‌కి రవాణా లాక్ ఉందేమో చూసి తీయండి.

వీ700, వీ750ల్లో లైటు వేడెక్కాలి, కాసేపు ఆగండి. వీ600, వీ800, వీ850ల్లో ఎల్ఈడీ కాబట్టి ఆగక్కర్లేదు.

5. ఏ వైపు కిందకి?

ఫిల్మ్‌కి ఒక వైపు మెరుస్తుంది, ఇంకో వైపు మెరుపు తక్కువ. మెరుపు తక్కువ ఉన్నదే బొమ్మ ఉన్న పొర. మెరిసే వైపు కిందకి, గాజు వైపు పెట్టండి. తేడా తెలియకపోతే అంచున ఫిల్మ్ కంపెనీ పేరు, ఫ్రేము నంబర్లు చూడండి. అవి సరిగ్గా చదవగలిగేలా కనబడుతుంటే మెరిసే వైపు మీ ముఖం వైపు ఉన్నట్టు. అలాగే బోర్లించి పెట్టండి.

6. హోల్డర్‌లో పెట్టడం

గ్లవ్స్ వేసుకుని, స్ట్రిప్పు అంచులు మాత్రమే పట్టుకోండి. వేలి మీద చెమట ఆరిపోయినా ఉప్పు మిగిలి ఉంటుంది. ఫిల్మ్ రెండు వైపులా బ్లోయర్ కొట్టి, హోల్డర్‌లో పరచి, మూత నొక్కండి. టార్చ్ పక్కవాటుగా పెట్టి పైనుంచి చూడండి. మధ్యలో దోనెలాగా దిగి ఉంటే తీసి మళ్ళీ పెట్టండి.

హోల్డర్ పైభాగంలో ఒక ఖాళీ పట్టీ ఉంటుంది. స్కానర్ తన లైటుని సరిచూసుకునే చోటు అది. అక్కడ ఫిల్మ్ తోక గానీ, దుమ్ము గానీ, శుభలేఖ ముక్క గానీ పడకూడదు. పడితే రంగులు తప్పుతాయి, లేదా ఫొటో ఈ చివర్నుంచి ఆ చివరికి నిట్టనిలువు గీత వస్తుంది.

ఎన్ని చేసినా చదును కాని మొండి ఫిల్మ్‌కి ఒక ప్రత్యామ్నాయం ఉంది. ఫిల్మ్‌ని తిరగేసి మెరిసే వైపు పైకి పెట్టండి. అప్పుడు వంపు పైకి లేస్తుంది. దాని మీద యాంటీ న్యూటన్ గ్లాస్ (రంగు వలయాలు రాకుండా ఒక వైపు గరుకు చేసిన గాజు) ముక్క, గరుకు వైపు ఫిల్మ్‌కి తగిలేలా పెడితే, బరువుకి వంపు అణిగిపోతుంది. ఫొటో అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఎడమ కుడి మార్చుకోవాలి. ఫొటో ఫ్రేములు కట్టే షాపులోని మామూలు గాజు పెట్టి చూశాను. ఆకాశంలో నీళ్ళ మీద నూనె తేలినట్టు రంగురంగుల వలయాలు వచ్చాయి. మెరిసే వైపుకి నున్నటి గాజు తగిలితే అంతే.

7. సాఫ్ట్‌వేర్‌లో ఏవి పెట్టాలి

ఎప్సన్ స్కాన్ వాడుతున్నారనుకుని చెప్తున్నాను. వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్‌లలో పేర్లు మారతాయి, పని ఒకటే.

ప్రొఫెషనల్ మోడ్. డాక్యుమెంట్ టైప్ దగ్గర ఫిల్మ్. తర్వాత కలర్ నెగటివ్, బ్లాక్ అండ్ వైట్ నెగటివ్, పాజిటివ్‌లలో మీది ఏదో అది. స్లైడ్ అయితే పాజిటివ్. కలర్‌కి 48 బిట్, బ్లాక్ అండ్ వైట్‌కి 16 బిట్ గ్రే. ఫైలు టిఫ్‌లో. అన్‌షార్ప్ మాస్క్ తీసేయండి, పదును తర్వాత పెంచుకోవచ్చు, ఎక్కువైతే తగ్గించలేం.

ఇక డీపీఐ. వీ600 పెట్టె మీద 6400 అని ఉంటుంది. టెస్ట్ టార్గెట్ పెట్టి కొలిచినవాళ్ళకి నిజంగా దొరికిన వివరం 1600 దరిదాపుల్లోనే. అందుకే 2400లో స్కాన్ చేస్తే పోయేది ఏమీ లేదు. వీ700, వీ800 తరహా వాటికి 3200 పెట్టండి. 6×6 ఫ్రేము ఒకటి 2400లో, 48 బిట్‌లో సుమారు 168 ఎంబీ అవుతుంది. అదే 6400లో 1.2 జీబీ. ఒక్క రోల్‌కి 14 జీబీ పైన! ఆ అదనపు ఫైలులో ఉండేది వివరం కాదు, అదే మసకని పెద్దది చేసిన బొమ్మ. వీ600 స్కాన్‌తో 12 అంగుళాల చతురస్రపు ప్రింట్ నిశ్చింతగా వేసుకోవచ్చు.

డిజిటల్ ఐస్ గురించి ఒక్క మాట. అది ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో దుమ్ముని కనిపెట్టి చెరిపేస్తుంది. కలర్ నెగటివ్‌కి వాడండి, స్కాన్ టైమ్ బాగా పెరిగినా ఫర్వాలేదు. మామూలు బ్లాక్ అండ్ వైట్‌కి వాడకండి. అందులో బొమ్మంతా వెండి కణాలే, ఇన్‌ఫ్రారెడ్ వాటిని దాటలేదు, స్కానర్ ఫొటోనే దుమ్మనుకుని చెరుపుతుంది. ముఖాల చుట్టూ వింత మచ్చలు వస్తే కారణం ఇదే. ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 మాత్రం మినహాయింపు, అది బ్లాక్ అండ్ వైట్ అయినా కలర్ రసాయనాల్లో కడిగే ఫిల్మ్.

8. ప్రివ్యూ, కత్తిరింపు

ప్రివ్యూలో థంబ్‌నెయిల్ టిక్కు తీసేయండి. దాన్ని నమ్ముకుంటే ఫ్రేము అంచులు తనకి తోచినట్టు కోసేస్తుంది, రాత్రి తీసిన ఫ్రేముల్ని అసలు గుర్తించదు. మీరే చేత్తో పెట్టె గీయండి. మొదట ఫ్రేము లోపలికే గీసి ఎక్స్‌పోజర్ సరిచూసుకోండి, హోల్డర్ నల్ల అంచు పెట్టెలోకి వస్తే ఆటో లెక్క తప్పిపోతుంది.

హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫు) తెరిచి, రెండు చివరల త్రిభుజాల్నీ గుట్టకి కొంచెం బయట పెట్టండి, లోపలికి జరపకండి. బొమ్మ చప్పగా, బూడిద రంగులో కనబడుతుంది. కనబడనివ్వండి. రామకృష్ణా బీచ్ మధ్యాహ్నపు ఎండలో నురగ మీద తెలుపు ఒక్కసారి స్కాన్‌లో కొట్టుకుపోతే మళ్ళీ తేలేం. చప్పగా ఉన్నదానికి కాంట్రాస్ట్ తర్వాత అయినా ఎక్కించుకోవచ్చు.

9. ఎత్తు పరీక్ష: ఒక్కసారి చేస్తే చాలు

ఇది చేయకుండా స్కానర్ బాగాలేదని అమ్మేసినవాళ్ళు నాకు తెలుసు. స్కానర్ ఫోకస్ గాజు మీద కాదు, దానికి సుమారు 3 మిల్లీమీటర్లు పైన ఉంటుంది. హోల్డర్ ఫిల్మ్‌ని ఆ ఎత్తులో పట్టుకోవాలి. మీ స్కానర్‌కి, మీ హోల్డర్‌కి ఆ ఎత్తు అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండొచ్చు. ఆ అర మిల్లీమీటరే పదునుకీ మసకకీ తేడా.

ముందు మంచి ఫ్రేము ఎంచుకోండి. ట్రైపాడ్ మీద, చిన్న అపర్చర్‌తో తీసినది కావాలి. నాది ఫిషింగ్ హార్బర్‌లో హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద తీసిన ఫ్రేము. పడవ పక్కన పెయింట్‌తో రాసిన నంబరు, దాని కింద వేలాడే కొబ్బరి తాడు. ఆ తాడు పీచు కనబడుతోందా లేదా అన్నదే నా కొలత.

శుభలేఖని సన్నటి పట్టీలుగా, అన్నీ ఒకే కొలతలో కోయండి. మొదట ఏమీ పెట్టకుండా ఆ తాడు ఉన్న చిన్న భాగం మాత్రమే, ఒక సెంటీమీటరు మేర, 3200లో స్కాన్ చేయండి. తర్వాత హోల్డర్ నాలుగు మూలల కింద ఒక్కో పట్టీ పెట్టి అదే చోటు మళ్ళీ. తర్వాత రెండేసి, మూడేసి. ఫైళ్ళకి 0, 1, 2, 3 అని పేరు పెట్టండి, లేకపోతే పది నిమిషాల్లో కలిసిపోతాయి.

నాలుగూ స్క్రీన్ మీద వంద శాతం సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. నా వీ600లో 0 దగ్గర తాడు మెత్తటి నల్ల గీత. 1 దగ్గర మెలికలు తెలిశాయి. 2 దగ్గర మెలిక మీంచి లేచిన పీచు ఒక్కొక్కటీ కనబడింది, వెనకాల ఆకాశంలో ఫిల్మ్ గ్రెయిన్ (బొమ్మని తయారుచేసే సన్నటి కణాలు) బొంబాయి రవ్వ చల్లినట్టు విడివిడిగా తేలింది. 3 దగ్గర మళ్ళీ మెత్తబడింది. అంటే నాకు రెండు పట్టీలు. మీకు వేరే రావొచ్చు, నా లెక్క వాడుకోకండి.

తేడా తేల్చుకోలేకపోతే వస్తువుని వదిలేసి గ్రెయిన్ చూడండి. వస్తువు కెమెరాలోనే మసకగా ఉండొచ్చు, గ్రెయిన్ మాత్రం ఫిల్మ్ మీద ఎప్పుడూ పదునే. గ్రెయిన్ ఎక్కడ బాగా తేలితే అదే మీ ఎత్తు.

సరైన ఎత్తు తెలిశాక పట్టీల్ని హోల్డర్ కాళ్ళ కింద సన్నటి డబుల్ టేపుతో అంటించేయండి. ఒకవేళ మొదటి పట్టీకే ఇంకా మసకబారితే మీ హోల్డర్ ఇప్పటికే ఎత్తు ఎక్కువ. కాళ్ళని ఉప్పు కాగితంతో కొంచెం కొంచెంగా అరగదీసి, ప్రతిసారీ కడిగి ఆరబెట్టి, మళ్ళీ పరీక్షించండి. స్కానర్ ఉన్న గదిలో అరగదీయకండి. వీ700, వీ800 తరహా వాటికి ఈ తిప్పలు లేవు, హోల్డర్‌లోనే ఎత్తు మార్చుకునే ఏర్పాటు ఉంది. పరీక్ష మాత్రం వాటికీ చేయాల్సిందే.

10. స్కాన్ చేసి, సరిచూసుకోండి

స్కాన్ జరుగుతున్నప్పుడు బల్ల కదపకండి. కరెంటు పోతే ఫైలు సగంలో ఆగుతుంది, చిన్న యూపీఎస్ ఉంటే టెన్షన్ ఉండదు.

మొదటి ఫ్రేము అవ్వగానే వంద శాతం సైజులో మధ్య భాగం, నాలుగు మూలలూ చూడండి. మధ్యలో పదునుగా ఉండి మూలలు మసకైతే, లేదా అటుదిటు అయితే, ఎత్తు తప్పు కాదు, ఫిల్మ్ వంగింది. 3వ మెట్టుకి వెళ్ళండి. అంతా ఒకే రకం మసకైతే ఎత్తు.

తర్వాత ఫొటో తిరగబడలేదు కదా చూడండి. బోర్డుల మీద అక్షరాలుంటే ఇట్టే తెలిసిపోతుంది. లేకపోతే మగవాళ్ళ చొక్కా జేబు ఎడమ వైపు, ఆడవాళ్ళ పమిట ఎడమ భుజం మీద ఉండాలి. బీచ్ ఫొటో అయితే సముద్రం వైపు తిరిగి నిలబడ్డప్పుడు డాల్ఫిన్ నోస్ కుడి చేతి వైపు, కైలాసగిరి ఎడమ చేతి వైపు. మా మావయ్య తన పెళ్ళి ఫొటో ఫ్రేము కట్టించి గోడకి తగిలించాక, ఫొటోలో పమిట కుడి భుజం మీద ఉండటం పిన్ని గమనించింది. మళ్ళీ ప్రింట్ వేయించాం.

రంగుల్ని తెల్లటి వస్తువుతో సరిచూసుకోండి: పంచె, గోడ సున్నం, నురగ. అది తెల్లగా వస్తే మిగతావి దారికొస్తాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర తీసిన రోల్‌కి ఆటో కలర్ వాడకండి. ఫ్రేమంతా ఎరుపే కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పనుకుని నీలం కలిపేస్తుంది, మట్టి బూడిద రంగుకి తిరుగుతుంది. అదే రోల్‌లో మామూలు ఫ్రేముకి కుదిరిన సెట్టింగులే దానికీ పెట్టండి.

ఎప్సన్ రంగులు నచ్చకపోతే నెగటివ్‌ని పాజిటివ్ అని చెప్పి, నారింజ రంగు అంచు కొంచెం కలుపుకుని స్కాన్ చేయండి. తర్వాత లైట్‌రూమ్‌లో నెగటివ్ ల్యాబ్ ప్రోతో గానీ, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో నెగడాక్టర్‌తో గానీ తిప్పుకోవచ్చు. రెండింటికీ ఆ నారింజ అంచు కావాలి. కొంచెం సాధన పడుతుంది, చర్మం రంగు మాత్రం చాలా మెరుగ్గా వస్తుంది.

ఇలా వస్తే కారణం ఇదీ

మొత్తం నల్లగా: తెల్ల పలక తీయలేదు, లేదా మూత లైటు కేబుల్ పెట్టలేదు.

ప్రతి ఫ్రేములోనూ ఒకేచోట నిలువు గీత: హోల్డర్ పైపట్టీ దగ్గర గాజు మీద దుమ్ము. ఫిల్మ్‌ని తుడవకండి, గాజుని తుడవండి.

తెల్ల చుక్కలు, నూలు పోగులు: నెగటివ్ మీద దుమ్ము. హోల్డర్ తీసి, బ్లోయర్ కొట్టి, మళ్ళీ స్కాన్ చేయండి. కంప్యూటర్‌లో చుక్కలన్నీ ఒక్కొక్కటిగా చెరపడానికి అరగంట పడుతుంది, ఇది రెండు నిమిషాలు.

నల్ల చుక్కలు లేదా గీతలు: నెగటివ్‌లో పొర లేచిపోయిన చోటు. ఇది దుమ్ము కాదు, ఎంత తుడిచినా పోదు. క్లోన్ టూల్‌తోనే సరిచేయాలి.

రంగు వలయాలు: ఫిల్మ్ ఎక్కడో గాజుకి తగులుతోంది.

దాచుకోవడం

టిఫ్ అసలు ఫైలు. దాని మీద ఏ మార్పూ చేయకండి, నకలు మీద చేయండి. పేరులో రోల్ నంబరు, ఫ్రేము నంబరు పెట్టి, అదే నంబరు స్లీవ్ మీద కూడా రాయండి. రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచండి, రెండూ ఒకే బీరువాలో కాదు. చుట్టాలకి వాట్సాప్‌లో పంపేటప్పుడు జేపెగ్ చేసి, ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే ఇంత కష్టపడి తెచ్చిన పదునంతా దారిలోనే పోతుంది.

స్లీవ్‌లని గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్‌తో పెట్టండి. వానాకాలంలో నెలకోసారి జెల్ రంగు చూసి, మారితే వేడి చేసి ఆరబెట్టండి. పీవీసీ స్లీవ్‌లు వాడకండి, వేడికి ఫిల్మ్‌కి అంటుకుంటాయి.

రెండో స్ట్రిప్పు ఎక్కించే ముందు గాజు మీద మళ్ళీ ఒకసారి బ్లోయర్ కొట్టండి. ఫ్యాన్ మాత్రం అప్పుడే వేయకండి.